కారులో ఆయిల్ లైటు వెలిగి ఆరుతోంది, డిప్‌స్టిక్ చూస్తే ఒక్కోసారి ఒక్కో మట్టం. దేన్ని నమ్మాలి?

ఎనిమిదేళ్ల పెట్రోల్ కారు, పొద్దున డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే గీతల కడ్డీ) చూస్తే ఆయిల్ నిండుగా ఉంది, సాయంత్రం చూస్తే కింది గీతకు కూడా అందలేదు, మలుపు తిప్పినప్పుడు ఎర్ర లైటు ఒక్క క్షణం వెలిగి ఆరుతోంది అని మీరు రాశారు. ఈ మూడూ వరుసగా నాకూ జరిగాయి. అప్పుడు నేను లైటును అనుమానించి డిప్‌స్టిక్‌ను నమ్మాను. సరిగ్గా చూడని డిప్‌స్టిక్‌ను నమ్మాను అనడం ఇంకా నిజం.

మాది కడప, ఎర్రముక్కపల్లి. పోయిన మే నెలలో రాయచోటిలో బంధువుల పెళ్లి. బయలుదేరే ముందు పెట్రోల్ పోయించుకుని ఇంటికొచ్చి, ఇంజన్ ఆపీ ఆపగానే బానెట్ లేపి డిప్‌స్టిక్ లాగాను. తుడవలేదు. ఒక పక్క పై గీత దాకా నూనె చార, రెండో పక్క కొసన మాత్రం తడి. మనసుకు నచ్చిన పక్కనే చూసి లోపల పెట్టేశాను. పైగా బండి నిలబెట్టింది ఇంటి ముందు ర్యాంపు మీద. మా వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత దాన్ని తవ్వకుండా దాని మీదే కొత్తది పరుస్తారు. రోడ్డు ఎత్తు పెరిగి పెరిగి ఇళ్లు గుంతలో పడ్డాయి, ర్యాంపులు కొండల్లా తయారయ్యాయి.

గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతున్నాం. ముందు సీట్లో మా అత్త. రెండో మూడో మలుపులో, "నాయనా, ఆడ ఎర్రగా కొమ్ముచెంబు ఎలుగుతాంది సూడు" అనింది. నేను చూసేలోపు ఆరిపోయింది. నిజంగానే ఆ గుర్తు కొమ్ముచెంబులాగే ఉంటుంది, మూతి చివర ఒక చుక్క. ఏమీ లేదులే అత్తా అన్నాను. ఎందుకంటే అంతకు నెల ముందు ఒకసారి ఇలాగే వెలిగితే, ఒక సర్వీస్ సెంటర్ వాళ్లు "సెన్సార్ పోయింది సార్" అని కొత్తది వేసి రెండు వేల దాకా బిల్లు చేశారు. అక్కడ ఒక్కరంటే ఒక్కరు డిప్‌స్టిక్ లాగి చూసిన పాపాన పోలేదు. నేనూ అడగలేదు.

తర్వాతి మలుపులో మళ్లీ వెలిగింది, ఈసారి ఆరలేదు. పక్కకు తీసి ఇంజన్ ఆపేశాను. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క మంచి పని అదే.

ఎండ మండిపోతోంది. డిప్‌స్టిక్ లాగితే కొసన కూడా తడి లేదు. నా గుండె జారిపోయింది. డిక్కీలో లీటరు డబ్బా ఉంటే మూత తీసి పోయబోతున్నా. కింద నుంచి వస్తున్న లారీ ఒకటి ఆగింది. డ్రైవర్ దిగి బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏటవాలులో పెట్టి గేజు సూస్తే ఏం తెలుస్తాదన్నా? నూనె అంతా ఒక పక్కకు పోయింటాది. సగం పోసి మెల్లగా పైకి పో. సదరంగా ఉండేతావ మళ్లా సూసుకో. డబ్బా అంతా కుమ్మరించి ఎక్కువైతే ఎవురు తీస్తారు?" అన్నాడు. సగం పోశాను. స్టార్ట్ చేయగానే లైటు ఆరింది. ఇరవై వేగం దాటకుండా గువ్వలచెరువు చేరాం.

అక్కడ ఒక పాలకోవా అంగడి ముందు చదునుగా ఉంటే ఆపి, పది నిమిషాలు ఇంజన్ చల్లారనిచ్చాను. ఆ లోపు మా ఆవిడ కోవా కొంది, నాకు మాత్రం గొంతు దిగలేదు. పాత బనియన్ ముక్కతో డిప్‌స్టిక్ తుడిచి, పూర్తిగా లోపలికి దించి, తీసి చూశాను. రెండు పక్కల్లో తక్కువ చూపించే పక్కే లెక్క, ఎక్కువ చూపించేది గొట్టం గోడకు రాసుకున్న నూనె. నూనె సరిగ్గా కింది గీత మీద నిలబడింది. అంటే అర లీటరు పోశాక ఆ మట్టం! చాలా బండ్లలో రెండు గీతల మధ్య తేడా దాదాపు లీటరు. అంటే ఇంట్లో నేను నిండుగా ఉందనుకున్నప్పుడు లోపల లీటరున్నర తక్కువ ఉంది. మా ఇంజన్‌కు పట్టేదే మూడు లీటర్లు.

ఇప్పుడు మీ లైటు సంగతి. చాలా కార్లలో ఆ ఎర్ర లైటు ఆయిల్ ఎంత ఉందో చెప్పదు, ఆయిల్ ప్రెజర్ ఉందా లేదా అని మాత్రమే చెబుతుంది. నమ్మకపోతే తాళం తిప్పి స్టార్ట్ చేయకుండా చూడండి. లైటు వెలుగుతుంది, ఎందుకంటే ఆయిల్‌ను ఇంజన్‌లోకి తోసే పంపు ఇంకా తిరగలేదు. స్టార్ట్ కాగానే ఆరుతుంది. తాళం తిప్పినా వెలగలేదంటే బల్బో వైరో పోయినట్టు, అది ఇంకా ప్రమాదం. ఇంజన్ అడుగున ఛాంబర్‌లో నూనె తక్కువైతే మలుపులో అది ఒక పక్కకు పరుగెత్తుతుంది, పంపు మూతికి గాలి తగులుతుంది, ప్రెజర్ పడిపోయి లైటు వెలుగుతుంది. బండి తిన్నగా కాగానే ఆరిపోతుంది. మీకు జరుగుతున్నది ఇదేనని నేను పందెం కాస్తాను. కొన్ని బండ్లలో మట్టానికి వేరే పసుపు లైటు ఉంటుంది, దానికి కాస్త టైమ్ ఇవ్వొచ్చు. ఎర్రదానికి మాత్రం కాదు, వెలిగి నిలిచిందంటే వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపాల్సిందే.

మట్టం సరిగ్గా ఉండీ, ఇంజన్ బాగా వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు లైటు మినుకుమంటోందంటే అది వేరే రోగం. పంపు గానీ బేరింగులు గానీ అరిగి ఉండొచ్చు, లేదా ఆయిల్ మరీ పలచబడి ఉండొచ్చు. అప్పుడు మెకానిక్‌తో ప్రెజర్ గేజు పెట్టించి కొలిపించండి. కొలవకుండా సెన్సార్ మార్చమంటే మాత్రం ఒప్పుకోకండి.

చదివేవాళ్లలో డీజిల్ బండి వాళ్లకు ఒక మాట. 2020 తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) డీజిల్ బండిలో ఆయిల్ మట్టం తగ్గడం కాదు, పెరుగుతుంటే చూసుకోండి. రోజూ స్కూలుకూ బజారుకూ రెండేసి కిలోమీటర్లు తిప్పితే పొగ ఫిల్టర్‌లోని మసి కాలడం మధ్యలోనే ఆగిపోతుంది, ఆ మసిని కాల్చడానికి ఇంజన్ అదనంగా కొట్టిన డీజిల్ కొంత ఆయిల్‌లో కలుస్తుంది. పై గీత దాటి, వాసన చూస్తే డీజిల్ కంపు కొడితే ఆయిల్ మార్పించడమే.

మా బండి నూనె ఎటు పోయిందంటారా? కింద ఒక్క చుక్క లేదు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు నీలంగా పొగ వచ్చేది, మంచు అనుకున్నా. కడపలో మంచేమిటని నాకు తట్టలేదు. లక్షా ఇరవై వేలు తిరిగిన బండి, వాల్వ్ సీళ్లు (నూనె సిలిండర్‌లోకి దిగకుండా ఆపే రబ్బరు ముక్కలు) గట్టిపడి నూనె కాలిపోతోందని మా వీధి మెకానిక్ పొగ చూసే చెప్పాడు. సీళ్లు మార్చాక తగ్గింది.

మీరు రేపటి నుంచి వారానికి ఒకసారి, పొద్దున బండి కదపకముందు, ఒకే చోట, చదునులో, తుడిచి చూడండి. మట్టమూ కిలోమీటర్లూ రాసి పెట్టుకోండి. నాలుగు వారాల లెక్క ఇక్కడ పెడితే సీళ్లా, పిస్టన్ రింగులా, ఎక్కడన్నా కారుతోందా అని మాట్లాడుకుందాం. పొగ రంగు కూడా రాయండి.