బలపం ముక్క పారేయకు

చిట్టితల్లీ,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. బుడ్డోడు పెన్సిలు సరిగ్గా పట్టుకోవడం లేదని స్కూలు డైరీలో రాసి పంపారట. అల్లుడుగారు ట్యూషన్ పెడదామంటే నువ్వు ఒప్పుకోలేదట, నేనే నేర్పించుకుంటానన్నావట. ఆ మాట వినగానే నాకు కడుపు నిండిపోయింది. వేసవి సెలవులకి మా ఇంటికొచ్చి, చాప మీద నా పక్కనే కూర్చుని, "పెద్దమ్మా, ఈ పలకకి నేను రైట్ పెట్టనా" అని అడిగేదానివి. ఆ పిల్ల ఇవాళ తన కొడుక్కి తానే అక్షరాలు నేర్పుకుంటానంటోంది.

అయితే ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఇంకో మాట కూడా అంది. రోజూ గంటసేపు కూర్చోబెట్టి నాలుగు గీతల పుస్తకంలో రెండు పేజీలు రాయిస్తావట. పెన్సిలుకి తొడిగే రబ్బరు గ్రిప్పులు డజను తెప్పించావట. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు. అందుకే తెల్లారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ముందు ఒక్క సంగతి. వాడికింకా నాలుగున్నరేళ్లు నిండలేదు. మన మణికట్టులో ఎనిమిది చిన్న చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవేవీ గట్టి ఎముకలు కావు, చెవి డొప్పలా మెత్తగా ఉంటాయి. తర్వాత ఇంచుమించు ఏడాదికొకటి చొప్పున గట్టిపడుతూ వస్తాయి. చివరిది గట్టిపడేసరికి తొమ్మిదేళ్లు దాటొచ్చు, పన్నెండు కూడా రావొచ్చు. వాడి చేతిలో ఇప్పటికి సగం అటూఇటూగా తయారై ఉంటాయి, అంతే. ఏడాదిన్నర పిల్ల క్రేయాన్‌ని పిడికిలితో పట్టుకుంటుంది. రెండు మూడేళ్లకి వేళ్లన్నీ కిందికి చూసేలా పట్టుకుని చెయ్యంతా కదిపి గీస్తుంది. మూడున్నర, నాలుగేళ్లకి మూడు నాలుగు వేళ్ల మీదికి వస్తుంది, అప్పుడు కూడా మణికట్టే కదులుతుంది. వేళ్లు మాత్రమే కదిలి అక్షరం తిరిగేది అయిదారేళ్ల మధ్య. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం కూడా ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంది, దానికి ముందు మూడేళ్లూ ఆటపాటలకే వదిలింది. డైరీలో రాశారని నువ్వు టెన్షన్ పెట్టుకోకు. వాడు వెనకబడలేదమ్మా.

పెన్సిలు పట్టు పెన్సిలుతో రాదు. ముగ్గు వేసేటప్పుడు నీ చెయ్యి ఎప్పుడైనా చూసుకున్నావా? బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఈ మూడింటి మధ్య నుంచి పిండి సన్నగా జారుతుంది. మిగతా రెండు వేళ్లూ అరచేతిలోకి ముడుచుకుని ఉంటాయి. స్కూలువాళ్లు అడుగుతున్న పట్టు అదే. నాకు ముగ్గు నేర్పిన మా అమ్మకి ఒక్క అక్షరం రాదు, కానీ ఆ చేతికి పెన్సిలు ఇచ్చుంటే వారంలో నేర్చుకునేది. కాబట్టి ఈ రెండు నెలలూ వాడి చేత పిండి కలిపించు. చపాతీ పిండిలోంచి గోళీలంత ఉండలు చేయమను. చిక్కుడుకాయల ఈనెలు తీయమను. బఠాణీలు ఒలవమను, కాకపోతే గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకోకుండా పక్కనే ఉండు. ఆరిన బట్టలకి క్లిప్పులు వాణ్నే తీయమను. అన్నం స్పూనుతో నువ్వు తినిపించడం ఇవాళే మానేయి. కలిపి పెట్టు, ముద్ద చేసుకుని వాడే తింటాడు. నేల మీద పడితే పడుతుంది.

బాసరలో అక్షరాభ్యాసం చేయించినప్పుడు పళ్లెంలో బియ్యం పోసి వాడి వేలు పట్టుకుని రాయించారు కదా, ఆ పళ్లెం మళ్లీ తీయి. బియ్యంలో వేలితో సున్నాలు చుట్టనీ. తప్పు పోయినా పళ్లెం ఒకసారి ఊపితే చెరిగిపోతుంది, భయం ఉండదు. ఆ రోజు ఫొటోలో వాడి వేలు ఎంత వదులుగా ఉందో చూడు.

బలపాల సంగతి ఒకటి చెప్పాలి. మా బళ్లో అన్నీ మార్కాపురం రాతిపలకలే. పిల్లలు గోరంత బలపం ముక్కతో రాస్తుంటే నాకు జాలేసేది. పాపం కొనుక్కోలేక ఇలా రాస్తున్నారని ఆ ముక్కలు తీసి పారేసి, కొత్త బలపాలు పొడుగ్గా ఉన్నవి నా డబ్బులతో కొనిచ్చేదాన్ని. ఇచ్చాక వాళ్లు వాటిని రోకలిలా పిడికిలి బిగించి పట్టుకునేవాళ్లు. ఎందుకో నాకు అర్థమవడానికి చాలా ఏళ్లు పట్టింది. గోరంత ముక్క మీద మూడు వేళ్లకే చోటుంటుంది, నాలుగోది పట్టదు. ఆ పట్టు ముక్కే నేర్పుతోంది, నేను దాన్ని పారేస్తున్నాను. నువ్వు తెచ్చిన రబ్బరు గ్రిప్పులు పక్కన పెట్టు. క్రేయాన్లు విరిచి బొటనవేలి కణుపంత ముక్కలు చేసివ్వు. గోడకి వాడి కళ్లెత్తున నల్లబోర్డు తగిలించి సుద్దముక్క ఇవ్వు. నిలువు గోడ మీద రాసేటప్పుడు మణికట్టు దానంతటదే వెనక్కి వంగి సరైన తీరులో ఉంటుంది.

బల్ల దగ్గర కూర్చుంటే పాదాలు నేలకి ఆనాలి, అందకపోతే పీట వేయి. పెన్సిలు 2బి అనే మెత్తటి రకం అయితే తేలిగ్గా పడుతుంది. ఎడమచేత్తో తీసుకుంటే ఎడమచేత్తోనే రాయనీ, ఎవరేమన్నా సరే. కాగితం పైకొస కాస్త కుడివైపుకి వాలేలా పెట్టు, చాలు.

పెన్సిలు చేతికిచ్చే రోజు వచ్చాక ఇలా చెయ్యి. మొన వాడివైపు చూసేలా బల్ల మీద పెట్టు. మొనకి కాస్త ఎగువన బొటనవేలు, చూపుడువేలుతో చిటికె పట్టి ఎత్తమను. రెండో చేత్తో పెన్సిలు తోకని వెనక్కి తోయమను. అది తిరిగొచ్చి మధ్యవేలి పక్కన ఆని, బొటనవేలి సందులో వాలుతుంది. కాగితాన్ని శనగగింజంత ఉండ చేసి చివరి రెండు వేళ్ల కింద దాచుకోమను, ఆ రెండూ పైకి లేవవు. మొదట సున్నాలు, గీతలు, ఆ తర్వాత ర, ట, ద లాంటివి. "అ"తో మొదలుపెట్టకు, అందులో మెలికలెక్కువ. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు తిన్నని గీతలకి ఆకు చీలిపోతుందని మన అక్షరాలు గుండ్రంగా తిప్పారంటారు. ఆ గుండ్రం తిరగాలంటే వేళ్లు వదులుగా ఉండాలి. రోజుకి పది నిమిషాలు దాటొద్దు. గంట అన్న మాట ఇంకెప్పుడూ ఎత్తకు.

ఇదంతా ఎందుకింత గట్టిగా చెబుతున్నానో చెప్తాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

మీ అన్నయ్య, అదే మా అబ్బాయి, మూడో తరగతి చదివే రోజులవి. అప్పటికి నువ్వు పుట్టలేదు. వాడు పెన్సిలు నాలుగు వేళ్లతో పట్టుకునేవాడు. చూపుడువేలు, మధ్యవేలు రెండూ పైన ఆనించి, ఉంగరం వేలి మీద వాల్చేవాడు. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఒకరోజు మా బడికి వచ్చిన ఒక పెద్దాయన వాడి చెయ్యి చూసి, "ఏం టీచరమ్మా, ఊరందరి పిల్లలకీ నేర్పుతావు, నీ కొడుక్కి పెన్సిలు పట్టుకోవడం రాదే" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడేమో. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. వాడి ఉంగరం వేలు, చిటికెన వేలు కలిపి దారంతో చుట్టేశాను, పెన్సిలు మీదికి రాకుండా. రోజూ కాపీ రైటింగ్ రెండు పేజీలు. వేలు జారితే స్కేలుతో దెబ్బ. చిన్న దెబ్బే కదా అనుకునేదాన్ని. నెల తిరిగేసరికి మూడు వేళ్లతో రాస్తున్నాడని పొంగిపోయాను. రాసేంతసేపూ వాడి బొటనవేలి గోరు తెల్లగా పాలిపోయి ఉండేది. మొన రోజుకి నాలుగుసార్లు విరిగేది. ఒక రాత్రి పుస్తకాలు సర్దుతూ పేజీ వెనక వేలితో తడిమాను. ప్రతి అక్షరమూ అవతలికి పొక్కులా పొడుచుకొచ్చి ఉంది. కింది కాగితం మీదా అచ్చు పడింది, దాని కిందిదాని మీదా పడింది. అప్పుడైనా నాకు తట్టాల్సింది. తట్టలేదు. ఒత్తి రాయకురా అని మళ్లీ తిట్టాను.

అర్ధ సంవత్సరం పరీక్షల్లో తెలుగు పేపరు సగం ఖాళీగా ఇచ్చి వచ్చాడు. ముందురోజు రాత్రి పద్యాలన్నీ పుస్తకం చూడకుండా ఒప్పజెప్పిన పిల్లాడు. ఎందుకు రాయలేదురా అంటే మాట్లాడడు. చెయ్యి చూపించమంటే తొడ కింద దాచుకున్నాడు. మీ పెదనాన్న మెల్లగా ఆ చెయ్యి బయటికి తీశారు. మధ్యవేలి పక్కన చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. వేలికి కొబ్బరినూనె రాసి, దారం ఉండ తీసుకెళ్లి పెరట్లో పారేశారు.

తర్వాత వాడు తనంతట తాను పుస్తకం తీసి రాయడానికి రెండేళ్లు పట్టింది. లెక్కలు నోటితో చకచకా చెప్పేవాడు, రాయమంటే కడుపునొప్పి అనేవాడు. అది అబద్ధం కాదు, నిజంగానే నొప్పి వచ్చేది.

మొన్న దసరాకి వచ్చినప్పుడు బ్యాంకులో నా ఫారం వాడే నింపాడు. నాలుగు వేళ్లతోనే. ఎప్పుడు మళ్లీ ఆ పట్టుకి వెళ్లిపోయాడో నేను గమనించనేలేదు. అక్షరాలు అలాగే ముత్యాల్లా ఉన్నాయి. పక్కన నిలబడి కొంగుతో కళ్లొత్తుకున్నాను. ఏమైందమ్మా అన్నాడు. ఏం లేదు, ఫ్యాను గాలి అన్నాను.

తర్వాత తెలుసుకున్నాను, నాలుగో తరగతి పిల్లల్లో మూడు వేళ్ల పట్టు, నాలుగు వేళ్ల పట్టు, బొటనవేలు అడ్డంగా వేసే పట్లు, అన్నీ పోల్చి చూసినవాళ్లకి వేగంలోగానీ అక్షరంలోగానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదట. నేను మాన్పించింది తప్పు పట్టే కాదు. కాబట్టి రేపు బుడ్డోడు నాలుగు వేళ్లతో పట్టుకుని హాయిగా రాస్తుంటే వదిలేయి. నువ్వు చూడాల్సింది గోరు రంగు, పేజీ వెనక భాగం. ఆరేళ్లు వచ్చాక కూడా పిడికిలి పట్టు వదలకపోయినా, చెయ్యి నొప్పి అంటున్నా, బొత్తాలు పెట్టుకోవడం కూడా కష్టంగా ఉన్నా, అప్పుడు ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌కి, అంటే పిల్లల చేత ఇలాంటి చేతి పనులు సాధన చేయించే నిపుణులకి, చూపించు. మొహమాటపడకు. అంతేగానీ వాణ్ని కొట్టకు తల్లీ. నీకు కోపం వచ్చిన పూట పెన్సిలు తీసి దాచేసి, నాకు ఫోన్ చెయ్యి. ఏ వేళైనా ఎత్తుతాను.

సంక్రాంతికి నాలుగు రోజులు ముందే రండి. బియ్యప్పిండి జల్లించి వాడికోసం చిన్న డబ్బాలో పోసి ఉంచుతాను. వాకిట్లో తులసికోట పక్కన కొంచెం చోటు వాడికే. మీ అన్నయ్య కూడా వస్తానన్నాడు.

ఉంటాను,
మీ పెద్దమ్మ