ఎగిరేవాడికి పిల్లనివ్వాలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అక్కా, మాది పలమనేరు. మా అమ్మాయి చిత్తూరులో ఒక బ్యాంకులో పనిచేస్తోంది, 26 ఏళ్లు. ఎయిర్‌ఫోర్స్‌లో హెలికాప్టర్ నడిపే అబ్బాయి సంబంధం వచ్చింది. పిల్లలిద్దరికీ నచ్చింది. మా ఆడబిడ్డ మాత్రం "ఎగిరేవాడికి పిల్లనిచ్చి రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ కూర్చుంటావా" అంటోంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మీ ఆయన కూడా పైలటేనని విన్నాను. ఉన్నదున్నట్టు చెప్పండి.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మా పెళ్లప్పుడు మా మేనత్త కూడా సరిగ్గా ఇదే మాట అంది. 1991లో తిరుచానూరులో పెళ్లయింది. నెల తిరక్కుండా మద్రాసులో రైలెక్కాను. గువాహటి చేరి, అక్కడి నుంచి ఇంకో రైలు పట్టుకుని అస్సాంలో డిబ్రూగఢ్ పక్కనున్న మోహన్‌బారి ఎయిర్‌ఫోర్స్ స్థావరానికి వెళ్లాను. చేతిలో ఒక నల్ల ట్రంకుపెట్టె, మూతికి గుడ్డ కట్టిన ఆవకాయ జాడీ.

భయం ఉంటుందమ్మా. లేదని చెప్పే పైలట్ భార్యని నేనింతవరకూ చూడలేదు.

మా ఆయన పని అంతా అరుణాచల్ కొండల్లో. రోడ్డు లేని ఊళ్లకి, సైనికుల పోస్టులకి బియ్యం, ఉప్పు, కిరసనాయిలు చేరవేయాలి. జబ్బుపడ్డవాళ్లని కిందికి దించాలి. అక్కడ తెల్లారుజాము నాలుగున్నరకే వెలుతురొస్తుంది. మబ్బు ముసురుకునేలోపు వెళ్లి రావాలి. నేను వంటింట్లోంచి హెలికాప్టర్ల చప్పుడు లెక్కపెట్టేదాన్ని. పొద్దున రెండు వెళితే మధ్యాహ్నానికి రెండు రావాలి.

ఒకరోజు ఒకటే వచ్చింది. అది మా ఆయనది కాదు.

సాయంత్రం చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నాను. యూనిట్ పెద్దాయన భార్య వచ్చింది. పంజాబీ ఆవిడ, నాకు అప్పటికి హిందీ సరిగా రాదు. ఏమీ మాట్లాడకుండా పీట లాక్కుని నా పక్కన కూర్చుని తనూ ఏరడం మొదలుపెట్టింది. డబ్బాలో ఉన్న బియ్యమంతా ఏరేశాం. ఏరినవే మళ్లీ ఏరాం. రాత్రి పదకొండు దాటాక ఆర్మీ వైర్‌లెస్ మీద కబురొచ్చింది: దారిలో లోయ మూసుకుపోతే వాలాంగ్‌లో దిగిపోయారు, అందరూ క్షేమం. ఆవిడ అప్పుడు లేచి నా తల నిమిరి వెళ్లిపోయింది.

మర్నాడు ఆయన వచ్చి చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ముందర మబ్బు సందులో వెలుతురు కనిపించింది. వెళ్లిపోవచ్చు అనిపించింది. అనిపించింది కాబట్టే దించేశాను."

2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ గారి హెలికాప్టర్ కూలినప్పుడు మన కురబలకోట మండలం బిడ్డ, లాన్స్‌నాయక్ సాయితేజ కూడా అందులో ఉన్నాడు. మా ఆయన రిటైరైపోయి తిరుపతిలోనే ఉన్నారు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. లోయలో వాతావరణం ఉన్నట్టుండి మారిపోయి హెలికాప్టర్ మబ్బులో పడిందని, పైలట్‌కి దిక్కు తెలియకుండా పోయిందని తర్వాత విచారణలో తేల్చారు. ఎంతో అనుభవం ఉన్నవాళ్లకే అలా జరిగింది. మీ ఆడబిడ్డ భయం ఊరికే వచ్చింది కాదమ్మా, దాన్ని కొట్టిపారేయను.

ఆ ప్రమాదానికి దాదాపు మూడు వారాల ముందు, నవంబరు వరదల్లో, అనంతపురం జిల్లా చిత్రావతి నదిలో జేసీబీ మీద చిక్కుకుపోయిన పదిమందిని ఇదే రకం మి-17 హెలికాప్టర్ పైకి లాగింది. ఆ వీడియో చూస్తూ మా ఆయన కుర్చీ అంచుకి జరిగారు. పారే నీటి మీద హెలికాప్టర్‌ని ఒకేచోట నిలపడం చాలా కష్టమట. కింద నీళ్లు కదులుతుంటే మనమే కదులుతున్నట్టు కంటికి తోస్తుంది. అందుకే పైలట్ నీళ్లని చూడకుండా కదలని వస్తువు ఏదో ఒకటి పట్టుకుని చూస్తాడు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి "కొంచెం ముందుకి, కొంచెం ఎడమకి" అని చెబుతుంటాడు. అంత పెద్ద యంత్రం ఆ ఒక్క గొంతు మీద నడుస్తుంది.

ఇక ఇంటి సంగతి. ఇది మీ అమ్మాయికి తప్పకుండా చదివి వినిపించండి. ఒకసారి మా నాన్నకి గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చారని తిరుపతి నుంచి ఫోనొచ్చింది. ఆ వారమంతా మా ఆయనకి ఫ్లయింగ్ ఉంది. మనసు చెదురుతుందని మూడు రోజులు దాచాను. మంచి భార్యంటే అదేననుకున్నాను. నాలుగో రోజు తెలిసి ఆయన నా మీద కోప్పడలేదు, అలా కూర్చుండిపోయారు. "నువ్వు ఏడుస్తున్నట్టు మూడు రోజులుగా తెలుస్తూనే ఉంది. ఎందుకో తెలియక దాని గురించే ఆలోచిస్తూ ఎగిరాను" అన్నారు. నిద్ర లేకపోయినా, మనసు బాగా లేకపోయినా పైలట్ ఆ మాట డాక్టర్‌కి చెప్పి ఆ రోజు ఎగరకుండా ఉండొచ్చు. ఆ నిర్ణయం తీసుకునే అవకాశమే నేనివ్వలేదు. మీ అమ్మాయిని ఏదీ దాచొద్దనండి. ఎగరబోయే ముందురోజు రాత్రి గొడవ వద్దు, అంతే. విషయం మాత్రం చెప్పాలి.

మిగతావి డబ్బు, ఉద్యోగం లెక్కలు. అబ్బాయిది పర్మనెంట్ కమిషనా (రిటైరయ్యేదాకా ఉండే ఉద్యోగం), షార్ట్ సర్వీసా (కొన్నేళ్ల గడువున్నది) అడగండి. అందులో సిగ్గుపడాల్సింది లేదు. షార్ట్ సర్వీస్ పైలట్లకి ఉద్యోగం 14 ఏళ్లు. పింఛను రావాలంటే 20 ఏళ్లు నిండాలి. రెండు మూడేళ్లకోసారి బదిలీ ఖాయం. నేను 24 ఏళ్లలో 11 ఇళ్లు మారాను, బడి టీచర్‌గా నా ఉద్యోగం మూడో ఇంటికే పోయింది. ఆ వెలితి ఇప్పటికీ ఉంది. మీ అమ్మాయి మాత్రం ఉద్యోగం వదలకూడదు. భర్త ఉన్న ఊరికి బదిలీ అడిగే వీలు ఆమె బ్యాంకులో ఎంతవరకు ఉందో పెళ్లికి ముందే కనుక్కోమనండి.

అబ్బాయి సెలవులో పలమనేరు వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని రెండు బేనీషా మామిడి ముక్కలు పెట్టి, "ఎప్పుడైనా సగం దారిలో వెనక్కి తిరిగొచ్చావా నాయనా?" అని అడగండి. ఎలా చెప్తాడో వినండి.

ప్రశ్న: తిరుపతిలో ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. అమ్మాయిలు పైలట్ కావాలంటే డిగ్రీ దాకా ఆగాల్సిందేనా మేడమ్?

జవాబు: అక్కర్లేదు తల్లీ. ఇంటర్ అవ్వగానే చేరే సైనిక శిక్షణ సంస్థ ఎన్‌డీఏలో 2022 నుంచి అమ్మాయిలని తీసుకుంటున్నారు. మొదటి బ్యాచ్ అమ్మాయిలు 17 మంది 2025 మేలో బయటికొచ్చారు. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర లోపు ఉండాలి. అది తప్పితే డిగ్రీ తర్వాత ఎయిర్‌ఫోర్స్ పెట్టే ఏఎఫ్‌క్యాట్ రాతపరీక్ష ఉంది. రెండు దారులకీ ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ వదలొద్దు. రాతపరీక్ష గెలిచాక ఎయిర్‌ఫోర్స్ ఇంటర్వ్యూ కేంద్రాల్లో మనకి దగ్గరది మైసూరు. పైలట్ పనికి సహజమైన నేర్పు ఉందో లేదో చూసే పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు, కాబట్టి తొందరపడి ఊరికే ప్రయత్నించి చూద్దామని వెళ్లకు. రంగులు సరిగా కనబడకపోతే ఎంత చదివినా పైలట్‌గా తీసుకోరు. మా దగ్గరికి సలహాకొచ్చే పిల్లల్లో చాలామంది ఆ సంగతి చివర్లో తెలిసి ఏడుస్తారు. కోచింగ్‌కి డబ్బు కట్టకముందే, ఈ వారమే, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లి ఆ ఒక్క పరీక్ష చేయించుకో.