ఐసోటోప్ మార్చినా తేడా రాలేదంటే ఫోనాన్లకు పనేం లేనట్టేనా?

వైబీసీఓ అనే రాగి ఆక్సైడ్ అతివాహకంలో ఆక్సిజన్-16 తీసి బరువైన ఐసోటోప్ ఆక్సిజన్-18 పెట్టినా క్రాంతిక ఉష్ణోగ్రత (దానికి కింద విద్యుత్ నిరోధం సున్నా అవుతుంది) దాదాపు కదలదు కాబట్టి జాలక కంపనాలకు, అంటే స్ఫటికంలో పరమాణువుల ఊగుళ్ళైన ఫోనాన్లకు, నిరోధం లేకుండా కరెంటు మోసే ఎలక్ట్రాన్ జంటలతో సంబంధం లేనట్టేనా అని అడిగారు. లేనట్టే అని నేనూ చాలా ఏళ్లు పాఠం చెప్పేశానండి.

అమలాపురం దగ్గర డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఓసారి పశువులకు సూదిమందు వేసే కేంద్రంలో అడిగి ద్రవ నత్రజని తెచ్చాను (ఎద్దు వీర్యం దాచేది అందులోనే). నల్లటి వైబీసీఓ బిళ్ళ మీద అయస్కాంతం తేలుతుంటే ఒకమ్మాయి ఇదే అడిగింది. తడబడ్డాను.

దమ్ము చేసిన చేలో నడిచే ఉంటారు. కాలు తీసినా గుంట వెంటనే పూడదు, వెనకవాడి కాలు అందులోకే జారుతుంది. పాదరసం, సీసం లాంటి అతివాహకాల్లో ఇదే తంతు. ఎలక్ట్రాన్ దూసుకుపోతుంది, బరువైన అయాన్లు మెల్లగా కదిలి ధనావేశపు గుంట మిగులుస్తాయి, రెండో ఎలక్ట్రాన్ దానికోసం వస్తుంది. అప్పటికి మొదటిది దూరం పోయింది గనక వికర్షణ బాధ తక్కువ. అయాన్ బరువు పెంచితే కంపనం నెమ్మదిస్తుంది, క్రాంతిక ఉష్ణోగ్రత తగ్గాలి. 1950లో పాదరసంలో తగ్గింది, ఎలక్ట్రాన్ జంటలతో అతివాహకతను వివరించిన 1957 నాటి బీసీఎస్ సిద్ధాంతం ఎందుకో చెప్పింది. ఆ లెక్కన 92 కెల్విన్ వైబీసీఓలో 5 డిగ్రీల దాకా పడాలి. పడేది ఒక్క డిగ్రీ కూడా కాదు.

రాగి ఆక్సైడ్లలో ఎలక్ట్రాన్లు తప్పుకునేది కాలంలో కాదు, చోటులో. జంట తరంగానికి నాలుగు రేకులు, పక్కపక్క రేకులకు గుర్తులు వ్యతిరేకం, జంటలోని రెండు ఎలక్ట్రాన్లూ ఒకేచోట ఉండే అవకాశం సున్నా. ఇదే డి-వేవ్. దీనికి అసలు జిగురు స్పిన్ల (ఎలక్ట్రాన్ల చిట్టి అయస్కాంతత్వాల) అలజడి అనే వైపే నా మొగ్గు.

అలాగని కంపనాలను కొట్టిపారేయలేం. రంధ్రాలు (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు, కరెంటు మోసేవి ఇవే) తగ్గించిన రాగి ఆక్సైడ్ నమూనాల్లో ఐసోటోప్ ప్రభావం బాగా పెరుగుతుంది. పైగా అన్ని కంపనాలూ ఒక జాతి కావు. రాగి-ఆక్సిజన్ తలంలోంచి ఆక్సిజన్ పైకీ కిందకీ ఊగే కంపనం డి-వేవ్‌కు సాయపడగలదు, బంధం పొడవునా సాగి ముడుచుకునేది చెడగొట్టగలదు. ఒకటి ఎత్తితే ఇంకొకటి దించుతుంది. మొత్తం మీద సున్నా కనబడితే లోపల ఏమీ జరగలేదని కాదు కదా.

ఐరన్ సెలినైడ్ అనే మరో అతివాహకం చూడండి. ముద్దగా ఉంటే క్రాంతిక ఉష్ణోగ్రత 8 కెల్విన్. ఒకే పొరగా స్ట్రాన్షియం టైటనేట్ మీద పెంచితే 60 దాటిన సూచనలున్నాయి. కింది పలక ఇచ్చే అదనపు ఎలక్ట్రాన్లది పెద్ద వాటా, కానీ ఆ పలకలోని ఆక్సిజన్ కంపనాలు కూడా పై పొర ఎలక్ట్రాన్లను తాకుతున్నట్టు 2014లో ఫొటోఎమిషన్ (కాంతితో ఎలక్ట్రాన్లను బయటికి తన్ని చూసే) కొలతల్లో కనబడింది. ఆ అమ్మాయికి మర్నాడు మొదట బోర్డు మీద వేసింది ఈ బొమ్మే.