కారు ఇంటి ముందే ఉంది, ఫాస్టాగ్‌లో టోల్ కట్ అయింది: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మొన్న ఆదివారం మా కారు రోజంతా ఇంటి ముందే ఉంది. మధ్యాహ్నం ఫాస్టాగ్ నుంచి 145 రూపాయలు టోల్ కింద కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. ఆ టోల్‌ప్లాజా మాకు 300 కిలోమీటర్ల దూరం. నేను అటు ఎప్పుడూ వెళ్లలేదు. బ్యాంకుకు ఫోన్ చేస్తే టోల్ వాళ్లను అడగమన్నారు, టోల్ వాళ్లు బ్యాంకును అడగమన్నారు. మా ట్యాగ్‌ను ఎవరైనా కాపీ చేశారా? ఇదే కారుకు నెల కిందట వేరే గేటు దగ్గర, బ్యాలెన్స్ ఉన్నా, ట్యాగ్ రీడ్ కావడం లేదని రెట్టింపు నగదు కట్టించుకున్నారు. ఈ రెండు డబ్బులూ రాబట్టుకోవచ్చా? – ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: రాబట్టుకోవచ్చు. మొదటిదాంట్లో మీ పక్షం బలంగా ఉంది. రెండోది మీ దగ్గరున్న రుజువును బట్టి తేలుతుంది. రెంటికీ వర్తించే నిబంధనలు వేరు కాబట్టి ఒకే ఫిర్యాదులో కలపకండి.

ముందుగా ఒకటి సరిచూసుకోండి. మెసేజ్ వచ్చిన సమయమూ బండి గేటు దాటిన సమయమూ ఒకటే కానక్కర్లేదు. ప్లాజా నుంచి లెక్కలు ఆలస్యంగా వెళ్తే శుక్రవారం దాటిన గేటుకు ఆదివారం డబ్బు కట్ అవుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ‘రీడర్ రీడ్ టైమ్’ అని ఉండేదే అసలు సమయం. మీరు ఆ దారిన వెళ్లనే లేదు గనుక మీకు ఈ చిక్కు లేదు. కానీ ఆ సమయం ఫిర్యాదులో రాయకపోతే అవతలివాళ్లు మొదట చెప్పే సాకు ఇదే అవుతుంది.

ఇక కాపీ సంగతి. ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. గేటు మీది యాంటెన్నా 865–867 మెగాహెర్ట్జ్ తరంగాలు పంపితే, ఆ శక్తితోనే చిప్ పనిచేసి తన నంబరు తిప్పి పంపుతుంది. చిప్‌లో టీఐడీ అనే నంబరు తయారీలోనే పడుతుంది, తర్వాత ఎవరూ మార్చలేరు. డబ్బు కూడా వ్యవస్థలో నమోదైన టోల్ సంస్థ ఖాతాకు తప్ప ఏ వ్యక్తి ఖాతాకూ వెళ్లదు. 2022 జూన్‌లో, కారు అద్దం తుడిచే కుర్రాడు చేతి గడియారంతో ఫాస్టాగ్ డబ్బు లాగేస్తున్నాడని ఒక వీడియో ఊరూరా తిరిగింది. అది అబద్ధమని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ (ఎన్‌పీసీఐ) అప్పుడే చెప్పింది. కాబట్టి ఫిర్యాదులో ‘నా ట్యాగ్‌ను క్లోన్ చేశారు’ అని రాయకండి. అలా రాస్తే దాన్ని రుజువు చేసే భారం మీరే నెత్తికెత్తుకున్నట్టు. ‘నా అనుమతి లేకుండా, నా వాహనం వెళ్లని చోట డబ్బు తీసుకున్నారు’ అని రాస్తే చాలు. కారణం చెప్పాల్సిన బాధ్యత వాళ్లమీద పడుతుంది.

జరిగింది బహుశా ఇది. గేటు దగ్గర ఏదో బండి ట్యాగ్ రీడ్ కాకపోతే సిబ్బంది దాని రిజిస్ట్రేషన్ నంబరును చేత్తో టైప్ చేస్తారు. ఆ నంబరుకు జతచేసిన ట్యాగ్‌ను వ్యవస్థ వెతికి డబ్బు తీసుకుంటుంది. 8 కొట్టాల్సిన చోట 3 కొడితే ఆ బండి టోల్ మీ ఖాతాలోంచి పోతుంది. ఇది ఊహ కాదు. జాతీయ రహదారుల్లో ఫాస్టాగ్ వ్యవహారం చూసే ఇండియన్ హైవేస్ మేనేజ్‌మెంట్ కంపెనీ (ఐహెచ్‌ఎంసీఎల్) ఇలాంటి చేతి నమోదుల మీద టోల్ వసూలుదార్లకు ఒక్కో ఉదంతానికి లక్ష రూపాయలు, అంతకు మించి జరిమానా వేస్తోంది. కనీసం 250 ఉదంతాల్లో వేసినట్టు 2025లో ప్రకటించింది కూడా.

ఇంకో అవకాశం, మీ నంబరు మీద పాత ట్యాగ్ ఏదైనా బతికి ఉండటం. ఎన్‌పీసీఐ వెబ్‌సైట్‌లో వాహన నంబరు కొడితే దాని మీదున్న ట్యాగ్‌లూ వాటి స్థితీ కనిపిస్తాయి. ఒక బండికి ఒకే ట్యాగ్ ఉండాలన్న పద్ధతి 2024లో గట్టిగా అమల్లోకి వచ్చాక ఈ బెడద తగ్గింది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు మాత్రం తప్పక చూసుకోవాలి. అమ్మేవాళ్లు ఆర్సీ మారేదాకా ఆగకుండా, తాళాలు ఇచ్చిన రోజే ట్యాగ్ మూసేయమని బ్యాంకుకు రాసి రసీదు దగ్గర పెట్టుకోవాలి.

ఇప్పుడు డబ్బు ఎవరిని అడగాలన్నది. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకునే. టోల్ వాళ్లను అడగమనడం బ్యాంకు బాధ్యత దులుపుకోవడమే. ఈ వ్యవస్థలో మీకు ట్యాగ్ ఇచ్చింది ఒక బ్యాంకు, టోల్‌ప్లాజా తరఫున డబ్బు వసూలు చేసేది ఇంకో బ్యాంకు. మీ బ్యాంకు ‘చార్జ్‌బ్యాక్’ వేస్తే, అంటే కట్ అయిన డబ్బు వెనక్కివ్వమని అధికారికంగా అడిగితే, అవతలి బ్యాంకు డబ్బు తిరిగివ్వాలి, లేదా ఆ బండి ఫొటోతో సహా ఆధారాలు చూపించి కాదనాలి. చార్జ్‌బ్యాక్ వేసే అధికారం మీకు లేదు, మీ బ్యాంకుకే ఉంది. అందుకే ఫోన్‌లో గోడు వెళ్లబోసుకుంటే సరిపోదు. మెయిల్‌లోనో యాప్‌లోనో రాతపూర్వకంగా పెట్టి, ఫిర్యాదు నంబరు తీసుకోండి.

ఆ మెయిల్‌లో ట్రాన్సాక్షన్ ఐడీ, ప్లాజా పేరు, రీడర్ రీడ్ టైమ్, మొత్తం రాసి వీటిని అడగండి: ఏ లేన్, ట్యాగ్‌ను యాంటెన్నా చదివిందా లేక నంబరు చేత్తో కొట్టారా, చదివితే ఏ టీఐడీ, లేన్‌లోని ఏవీసీ యంత్రం ఆ బండిని ఏ తరగతిగా గుర్తించింది, లేన్ కెమెరా ఫొటో. నంబరు చేత్తో కొట్టినట్టు తేలితే వాదనే అక్కర్లేదు. ఏవీసీ అనేది దాటే బండి ఇరుసులు, ఆకారం చూసి అది కారో లారీయో చెప్పే పరికరం. అది మూడు ఇరుసుల లారీ అని నమోదు చేసి, మీ ట్యాగ్ కారుదైతే, మీ కేసు వాళ్ల రికార్డులోనే గెలిచినట్టు. ‘నా కారు ఇంట్లో ఉంది’ అన్న మాట కంటే ఈ నాలుగైదు వివరాలకే బరువెక్కువ. ఆలస్యం చేస్తే కెమెరా ఫుటేజీ చెరిగిపోతుంది, కాబట్టి ‘ఫొటోలు, ఫుటేజీ భద్రపరచండి’ అన్న వాక్యం మొదటి మెయిల్‌లోనే ఉండాలి.

గడువు విషయంలో రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6 సర్క్యులర్‌తో తెచ్చిన నిబంధనలు మీకు ఆసరా. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక వ్యవస్థలో మరెక్కడో ఉన్నప్పుడు, సమాచారం అందిన తర్వాత 3 పనిదినాల్లో తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం అంటగట్టకూడదు. 4 నుంచి 7 పనిదినాల మధ్య అయితే నష్టంలో ఒక పరిమితి వరకే ఖాతాదారు బాధ్యత, ఆ తర్వాత అయితే బ్యాంకు బోర్డు పెట్టుకున్న విధానాన్ని బట్టి తేలుతుంది. తెలియజేసిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. ఖాతాదారుదే తప్పని రుజువు చేసే భారం బ్యాంకుది. ఫాస్టాగ్‌కు ఇది వర్తించదని కొన్ని బ్యాంకులు వాదించవచ్చు. అయితే కార్డులు, వాలెట్ల వంటి ప్రీపెయిడ్ సాధనాలు, కార్డునో ఫోన్‌నో యంత్రానికి దగ్గర పెట్టి చేసే చెల్లింపులు కూడా ఆ సర్క్యులర్ మాటల్లో ఉన్నాయి కాబట్టి ఆ వాదన నిలవదని నా అభిప్రాయం. మెసేజ్ ఆదివారం వచ్చిందన్నారు. ఆ రోజును వదిలేసి లెక్కపెట్టండి. ఇంకా మూడు పనిదినాలు దాటకపోతే ఇది చదివిన వెంటనే మెయిల్ పెట్టండి.

దానితోపాటు జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు కూడా ఫిర్యాదు చేయండి. తప్పుడు కోతల కోసమే ఐహెచ్‌ఎంసీఎల్ ఒక ప్రత్యేక మెయిల్ చిరునామా ఇచ్చింది, దానికీ రాయండి. ప్లాజా మీద జరిమానా పడేది ఈ దారిలోనే. గేటు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుదైతే మాత్రం అది జాతీయ రహదారి కాదు. అక్కడ బ్యాంకు దారే ముఖ్యం.

30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చింది మీకు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. ఫీజు లేదు. మీ తరఫున లాయరు పెడితే అక్కడ తీసుకోరు, మీరే పెట్టాలి. అదే విషయం కోర్టులోనో వినియోగదారుల కమిషన్‌లోనో నడుస్తుంటే అంబుడ్స్‌మన్ చూడరు, కాబట్టి ముందు ఇక్కడికే వెళ్లండి. అంబుడ్స్‌మన్ పరిధి బ్యాంకు వరకే, టోల్ కంపెనీ మీద ఆయన ఏమీ చేయలేరు.

అప్పటికీ తేలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019. సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, అంటే నల్గొండ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. 300 కిలోమీటర్లు వెళ్లక్కర్లేదు. చెల్లించిన ప్రతిఫలం, అంటే ఆ సేవకు మీరు కట్టిన డబ్బు, 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు, గడువు రెండేళ్లు, లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. మీ బ్యాంకును మొదటి ప్రతివాదిగా, టోల్ వసూలు సంస్థను, జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ (ఎన్‌హెచ్‌ఏఐ) ప్రాజెక్టు డైరెక్టరును తర్వాత చేర్చండి. 145 రూపాయలకు పది లక్షల పరిహారం అడిగితే మొదటి వాయిదాలోనే మీ మాటకు విలువ పోతుంది. అసలు, వడ్డీ, ఖర్చులు, మితమైన పరిహారం అడగండి.

బ్యాంకు, ప్లాజా రికార్డు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఎన్‌హెచ్‌ఏఐ ప్రాజెక్టు కార్యాలయానికి 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. టోల్ కంపెనీ ప్రైవేటుదే అయినా, ప్రాధికార సంస్థ చట్టప్రకారం తెప్పించుకోగల సమాచారం సెక్షన్ 2(ఎఫ్) కిందికి వస్తుంది. మీ వైపు నుంచి ఇంటి సీసీటీవీ ఉంటే ఆ రోజు క్లిప్పును వెంటనే వేరే చోట దాచండి. దానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. కమిషన్లు సాక్ష్య నియమాలను అంత కచ్చితంగా పట్టుకోవు, అయినా జతచేస్తే అవతలివాళ్లకు అభ్యంతరం చెప్పే చోటు ఉండదు.

రెండో సమస్యకు వస్తే, జాతీయ రహదారుల ఫీజు నిబంధనలు, 2008కి 2018 మే నెలలో చేసిన సవరణ చాలామందికి తెలియదు. చెల్లుబాటయ్యే ట్యాగ్ ఉండి, ఖాతాలో చాలినంత బ్యాలెన్స్ ఉండి, ప్లాజా పరికరం పనిచేయక చెల్లింపు జరగకపోతే ఆ బండిని ఏ ఫీజూ లేకుండా పంపాలి, ‘జీరో ట్రాన్సాక్షన్’ రసీదు తప్పనిసరిగా ఇవ్వాలి. రెట్టింపు వసూలు అన్నది ట్యాగ్ లేనివాళ్లకూ చెల్లని ట్యాగ్ ఉన్నవాళ్లకూ వర్తించేది.

కాబట్టి లోపం రీడర్‌దా, మీ ట్యాగ్‌దా అన్నదే తగాదా. అదే రోజు ముందు గేటు, తర్వాతి గేటు మీ ట్యాగ్‌ను మామూలుగా చదివి ఉంటే, మధ్యది చదవకపోవడం పరికరం లోపమే అనడానికి మంచి ఆధారం. ఆ రోజు స్టేట్‌మెంటు, నగదు రసీదు కలిపి బ్యాంకుకూ 1033కూ పెట్టండి. ఆ సమయానికి ట్యాగ్ బ్లాక్‌లిస్టులో ఉందో లేదో బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. కేవైసీ పెండింగ్ వల్ల బ్లాక్‌లిస్టులో ఉండి ఉంటే బ్యాలెన్స్ ఉన్నా లాభం లేదు, ఈ వాదన అక్కడితో ఆగిపోతుంది.

ఎక్కడా సరిగా రీడ్ కాకపోతే తప్పు ట్యాగ్‌దే. లోహపు పూత ఉన్న అద్దం, సన్ ఫిల్మ్ తరంగాలను అడ్డుకుంటాయి. ఒకసారి పీకి మళ్లీ అంటించిన ట్యాగ్‌లో యాంటెన్నా తెగుతుంది. ముందు అద్దానికి లోపలివైపు, వెనక్కి చూసుకునే అద్దం వెనక అంటించాలే తప్ప డాష్‌బోర్డులో పెట్టి గేటు దగ్గర చేత్తో చూపించకూడదు. అలా ‘చేతిలో ట్యాగ్’ కనిపిస్తే బ్లాక్‌లిస్టు చేయాలన్న విధానం 2025 జూలైలో వచ్చింది. ఇకమీదట ఇలాంటి గేటు దగ్గర తప్పనిసరై కట్టాల్సి వస్తే నగదు ఇవ్వకండి. 2025 నవంబరు 15న అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం చెల్లే ట్యాగ్ లేని బండికి నగదైతే రెట్టింపు, యూపీఐ అయితే ఒకటింపావు. 100 రూపాయల గేటుకు నగదైతే 200, యూపీఐ అయితే 125. పైగా యూపీఐ చెల్లింపుకు సమయంతో సహా రుజువు మీ ఫోన్‌లోనే ఉంటుంది.

ఇంకొకటి. గేట్లు తీసేసి, బండి ఆగకుండానే పైనున్న కెమెరా నంబరు ప్లేటునూ రీడర్ ట్యాగ్‌నూ ఒకేసారి పట్టే పద్ధతి వస్తోంది. గుజరాత్‌లో 48వ నంబరు జాతీయ రహదారి మీది చోర్యాసి ప్లాజాకు 2025 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. అక్కడ ట్యాగ్ రీడ్ కాకపోతే సిబ్బందితో వాదించే ప్రశ్నే ఉండదు, నంబరు ప్లేటు ఆధారంగా బాకీ నమోదవుతుంది. 2026 జనవరిలో మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం అలా చెల్లించని టోల్ బాకీ ఉంటే యాజమాన్య బదిలీకి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వరు. ఎవరో మీ నంబరుతో నకిలీ ప్లేటు పెట్టుకు తిరిగినా ఆ బాకీ మీ బండి మీదే కనిపిస్తుంది. అందుకని తెలియని టోల్ నోటీసు వస్తే చిన్న మొత్తమే కదా అని కట్టేయకండి, పక్కన పడేయనూ వద్దు. నోటీసులో చెప్పిన గడువులోపు ఫొటో అడిగి అభ్యంతరం నమోదు చేయండి. ఫొటోలో మీ నంబరుతో వేరే బండి కనిపిస్తే దాని ప్రింటు తీసుకుని అదే రోజు పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఆ రసీదును అభ్యంతరానికి జతచేయండి.