ఏ అడవి మగపులి పెద్దది? ఫొటోలు చూసి చెప్పొచ్చా?

కార్బెట్, కన్హా, తడోబా, సుందర్‌బన్స్ మగపులుల్లో ఏవి పెద్దవో ఫొటోలతో తేలుతుందా అని అడిగారు. తేలదు. పులి కెమెరాకు ఎదురుగా దగ్గరికి నడిచొస్తుంటే తల, ముందుకాళ్లు అసలుకన్నా పెద్దగా పడతాయి. అదే పులిని జీపు మీంచి కిందికి తీస్తే పొట్టిగా కనిపిస్తుంది. చలికాలపు ఒత్తైన బొచ్చు, వేలాడే పొట్టచర్మం కూడా లేని బరువును చూపిస్తాయి. ఫొటోలతోనే పోల్చాలంటే, కదలకుండా బిగించిన ఒకే కెమెరా ట్రాప్ (జంతువు ముందుకొస్తే తనంతట తానే ఫొటో తీసే కెమెరా) ముందు అడ్డంగా దాటిన రెండు పులుల్ని తీసుకోండి. పక్కనున్న రాయినో మొద్దునో కొలతగా పెట్టుకుని భుజం ఎత్తు చూడండి. రెండూ ఒకే దారిగీత మీద నడిచి ఉండాలి, ఒకటి అడుగు ముందుకు జరిగినా లెక్క తప్పుతుంది. ఇలా తెలిసేది ఎత్తే, బరువు కాదు.

బరువుకు నమ్మదగినవి మత్తు ఇచ్చి, ఎక్కడ తిరుగుతుందో తెలిపే రేడియో కాలర్ మెడకు కట్టేటప్పుడు తూచిన అంకెలు. అందులోనూ స్ట్రెచర్ బరువు తీసేశారో లేదో చూడాలి. కర్ణాటకలోని నాగరహొళెలో పులుల శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ బృందం తూచిన మగపులులు 209 నుంచి 227 కిలోలు. హిమాలయాల దిగువన ఉన్న మన తరాయి అడవులను ఆనుకుని ఉన్న నేపాల్ చిత్వన్‌లో 200 నుంచి 261. బ్రిటిష్ కాలంలో మధ్య భారతంలో అటవీ అధికారి డన్‌బార్ బ్రాండర్ లెక్కకట్టిన 42 మగపులుల సగటు 420 పౌండ్లు, అంటే సుమారు 190 కిలోలు. ఒక్క చిత్వన్‌లోనే పులికీ పులికీ 61 కిలోల తేడా ఉందని గమనించండి. అందుకే "ఫలానా అడవి పులులే పెద్దవి" అనే మాటను నేను ఒప్పుకోను. సుందర్‌బన్స్ ఒక్కటే నిజంగా వేరు. అక్కడ బురద నేల, దొరికేది దుప్పి, అడవిపంది. అడవిదున్న, కణుజు లాంటి భారీ వేట లేదు. అక్కడి పులులు మిగతా చోట్ల పులులకన్నా స్పష్టంగా చిన్నవి.

కడుపు నిండిందా ఖాళీయా అన్నది చాలామంది అడగని ప్రశ్న. పులి ఒక్క రాత్రిలో 20 కిలోలకు పైగా మాంసం తినగలదు. 1967లో ఉత్తర భారతంలో కాల్చిన 388.7 కిలోల పులిని అందరూ రికార్డుగా చెబుతారు. తూచేనాటికి అది దున్నదూడను తిని ఉంది. ఆ అంకెను ఖాళీ కడుపుతో తూచిన పులి పక్కన పెట్టడం అన్యాయం.

పాత వేటగాళ్ల పొడవు లెక్కలతో ఇంకా జాగ్రత్త. ముక్కు కొసన, తోక కొసన మేకులు పాతి మధ్య దూరం నేరుగా కొలవడం ఒక పద్ధతి. టేపును వీపు వంపుల మీదుగా పరచడం రెండోది, దీంట్లో కొన్ని అంగుళాలు ఎక్కువే వస్తుంది. 1930లో జిమ్ కార్బెట్ కాల్చిన పోవల్‌గఢ్ పులి 10 అడుగుల 7 అంగుళాలు వంపుల లెక్కే. పైగా పొడవులో మూడో వంతు దాకా తోకే ఉంటుంది. ఒళ్లు తెలియాలంటే ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టుకొలత, మెడ, ముంజేయి చుట్టుకొలతలు చూడాలి.

వయసు కూడా కలవాలి. మూడేళ్ల మగపులికి పొడవు వచ్చేస్తుంది, మెడ, ఛాతీ నిండడానికి ఇంకా సమయం పడుతుంది. ఐదు నుంచి తొమ్మిదేళ్ల మధ్య పులుల్నే పోల్చండి. పాదముద్రతో బరువు చెప్పేవాళ్లను నమ్మకండి, మెత్తటి మట్టిలో అదే పాదం వెడల్పుగా పడుతుంది.

కవ్వాల్ పులులు తడోబా పులులకన్నా చిన్నవా అని కూడా అడిగారు. కవ్వాల్‌కు పులులు వస్తున్నది తడోబా వైపు నుంచే. వాటిని వేరే జాతిలా విడదీసి పోల్చడానికి ఆధారం లేదు.