నీళ్లు చెడకముందే లెక్క రాసిపెట్టుకోండి

ప్రశ్న: సార్, మా ఊరికి కిలోమీటరు దూరంలో మున్సిపాలిటీ డంపింగ్ యార్డు ఉంది. పదిహేనేళ్లుగా అక్కడే చెత్త పోస్తున్నారు. ఇప్పుడు పక్కనున్న 12 ఎకరాలు కూడా కలిపి యార్డు పెంచుతారట. కింద ప్లాస్టిక్ షీటు వేస్తాం, చుక్క కూడా భూమిలోకి దిగదు అంటున్నారు. మేం నెల రోజులుగా యార్డు గేటు ముందు టెంటు వేసుకుని కూర్చుంటున్నాం. మా బోరు నీళ్లు మీటరుతో చూస్తే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 1,140 వచ్చింది. నాకు నాలుగు నెలల పాప ఉంది. టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు. యార్డు వల్లే నీళ్లు చెడిపోయాయని ఎలా రుజువు చేయాలి?
— ఒక పాఠకురాలు (ఊరి పేరు వేయొద్దన్నారు)

జవాబు: అమ్మా, ముందు పాప సంగతి. తల్లిపాలే తాగుతుంటే ఆ వయసులో విడిగా నీళ్లు పట్టాల్సిన పనే లేదు. డబ్బా పాలు కలుపుతుంటే మాత్రం బోరు నీళ్లు ఈ రోజే ఆపేయండి. నా భయం నైట్రేట్ గురించి. తాగే నీళ్లలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే పసిబిడ్డల రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేదు, పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి. అలా కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నీళ్లు కాచి వాడుతున్నాం కదా అనుకోకండి. కాచితే సూక్ష్మక్రిములు చస్తాయి కానీ నైట్రేట్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఇక రుజువు సంగతి. మీ మీటరు చూపించిన 1,140 ఒక్కటే పట్టుకుని వెళితే మీ మాట నిలబడదు. మన దేశ ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీటి వసతి లేకపోతే 2,000 వరకు ఒప్పుకుంటారు. మన రాతినేలల్లో ఏ చెత్తా లేని ఊళ్లలో కూడా వెయ్యి దాటే బోర్లు బోలెడు. ఎరువులు, మరుగుదొడ్ల గుంతలు కూడా ఆ అంకెను పెంచుతాయి. ఎదుటి పక్షం ఈ మాటే అంటుంది.

నేను భూగర్భ జలాల పనిలో ముప్ఫై ఏళ్లు ఉన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి యార్డు పక్కనే ఉన్న ఒక ఊరికి పంపారు. ఒక రైతు తన బోరు నీళ్లు గాజు గ్లాసులో పట్టి ఎండకు ఎత్తి చూపించాడు. పలచటి డికాషన్ రంగు. ఆయన భార్య పొయ్యి మీది అన్నం గిన్నె మూత తీస్తే మెతుకులు పసుపుగా ఉన్నాయి. "ఇంతకుముందు గిట్ల లేకుండె సారూ, రెండేండ్ల కింద దాకా ఈ నీళ్లే తాగినం" అన్నాడు. యార్డుకు ఆనుకుని ఉన్న ఇంకో బోరేమో బాగానే ఉంది. గ్రానైట్‌లో అంతే. నీళ్లు నేల వాలును బట్టి మాత్రమే కాదు, రాతి పగుళ్లను బట్టి కూడా పోతాయి. ఒక్కోసారి దగ్గరి బోరును వదిలేసి దూరంగా ఉన్నదాన్ని పట్టుకుంటాయి. కానీ ఆ రైతు బోరు పాత రిపోర్టు ఎక్కడా లేదు. "కారణం నిర్ధారించలేము" అని ఫైలు మూసేశారు. ఆ వాక్యం రాసింది నేనే. ఇప్పటికీ ఆ పసుపు మెతుకులు నా కళ్లలో మెదులుతూనే ఉంటాయి.

అందుకే చెప్తున్నాను, యార్డు పెరగకముందు నీళ్లు ఎలా ఉన్నాయో ఈ వారమే కాగితం మీదకు ఎక్కించండి. కనీసం ఏడెనిమిది బోర్లు, అన్ని దిక్కుల నుంచీ తీసుకోండి. యార్డుకు బాగా దూరంగా, ఎగువన ఉన్న బోరు ఒకటి తప్పనిసరి, పోల్చి చూడటానికి. మోటారు వేసి పది నిమిషాలు వదిలేయండి, పైపులో నిలిచిన పాత నీళ్లు పోవాలి. కొత్త లీటరు సీసాను అవే నీళ్లతో మూడుసార్లు తొలవండి, సబ్బు తగలనివ్వద్దు. అంచు దాకా నింపి, తేదీ, సమయం, బోరు లోతు చీటీ మీద రాసి అంటించండి. చేపలు తెచ్చే థర్మాకోల్ డబ్బాలో ఐసు వేసి అదే రోజు జిల్లా కేంద్రంలోని గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌కు చేర్చండి. పంచాయతీ లెటర్ మీద ఇస్తే మంచిది. లోహాల పరీక్షకు వేరే సీసా, అందులో ఆసిడ్ చుక్కలు కావాలి, అవి ల్యాబ్ వాళ్లనే అడగండి.

రిపోర్టులో మొదట క్లోరైడ్ చూడండి. చెత్త నుంచి కారే నల్ల రసంలో అది దండిగా ఉంటుంది, మట్టికి అంటుకోకుండా నీళ్లతో పాటే సాగిపోతుంది. సీసం, కాడ్మియం లాంటివి మట్టి పట్టి ఉంచుతుంది కాబట్టి ఆలస్యంగా వస్తాయి. లోహాలు లేవు కాబట్టి నీళ్లు భేష్ అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. క్లోరైడ్, అమ్మోనియా రెండూ యార్డు వైపు బోర్లలోనే పెరిగి, ఎగువ బోరులో పెరగకపోతే అప్పుడు మీ చేతిలో ఆధారం ఉన్నట్టు. ఎండాకాలం, వానాకాలం, వానలయ్యాక, ఇలా మూడుసార్లు చేయించండి.

షీటు మాటకొస్తే, మంచిదే, వేయాల్సిందే. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం షీటు, దాని కింద 90 సెంటీమీటర్ల బంకమట్టి పొర ఉండాలని పెట్టారు. ఆ మట్టి అడుగు నుంచి భూగర్భ నీటిమట్టం కనీసం 2 మీటర్లు కిందకు ఉండాలని కూడా అందులోనే పెట్టారు. నీటిమట్టం ఏ నెలలో కొలిచారో అడగండి. మన దగ్గర మే నెలలో కొలిస్తే ఎంతో లోతున కనిపిస్తుంది, అక్టోబరు, నవంబరులో పైకి వచ్చేస్తుంది. ఇంకో మాట, కొత్త 12 ఎకరాల కింద షీటు వేస్తే పదిహేనేళ్ల పాత గుట్ట కింద ఏముంది? హైదరాబాద్ చెత్తంతా చేరిన జవహర్‌నగర్‌లో గుట్టను పైనుంచి కప్పారు. కానీ అప్పటికే ఊరిన రసం మల్కారం చెరువును నాశనం చేసింది. 2025 ఫిబ్రవరిలో సంగారెడ్డి జిల్లా ప్యారానగర్, నల్లవల్లి జనం డంపింగ్ యార్డు వద్దని రోడ్డెక్కారు. వాళ్లది ఉత్త భయమని నేననను.

యార్డు పెంచడానికీ పర్యావరణ అనుమతి కావాలి. అది వచ్చిందా, ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారా, ముందుగా తీయాల్సిన భూగర్భ జలాల రీడింగులు ఎక్కడ అని సమాచార హక్కు కింద అడగండి. సభకు 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి. సభలో చెప్పింది మినిట్స్‌లో ఎక్కిందో లేదో అక్కడే చదివించుకోండి, వీడియో కూడా తీయాలి. నోటితో చెప్పి ఊరుకోకుండా రిపోర్టులు జతచేసి రాతపూర్వకంగా ఇవ్వండి. అనుమతి ఇచ్చేస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి గడువు 30 రోజులే. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇవ్వొచ్చు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. మన వాళ్లకు బెంచి చెన్నైలో ఉంది.

టెంటులో కూర్చునే వాళ్లలో ఇద్దరు చదువుకునే పిల్లలకు ఈ బోర్ల నోటుబుక్కు అప్పగించండి. మొదటి రిపోర్టు రాగానే క్లోరైడ్, నైట్రేట్ అంకెలు నాకు రాయండి. ఏ బోరు యార్డుకు ఎటు పక్క ఉందో చేత్తో చిన్న పటం గీసి పంపండి, చాలు. చూసి చెప్తాను.