మర ఎక్కడుందో ముందు అడుగు

పర్లాకిమిడి

చిట్టీ,

నీకు దక్షిణ సుడాన్ సరిహద్దు ఊరు రెంక్‌లో ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషపడుతున్నాడో భయపడుతున్నాడో నాకు అర్థం కాలేదు. వాడికీ తెలిసినట్టు లేదు. నీకిచ్చింది యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లకి సరుకులు పంచే పని అన్నాడు కాబట్టి దాని గురించే రాస్తాను. టీకాలు, మలేరియా మాత్రలు, దోమతెర సంగతి ఆఫీసువాళ్లు చెబుతారు, చెప్పినట్టు విను.

నేను 2014లో ఆ దేశంలోనే బెంటియు క్యాంపులో నర్సుగా చేశానని నీకు తెలుసు. దక్షిణ సుడాన్‌కి 2011లో స్వాతంత్ర్యం వచ్చింది. 2013 డిసెంబర్‌కల్లా వాళ్లలో వాళ్లకే యుద్ధం మొదలైంది. జనం పరిగెత్తుకొచ్చి ఐక్యరాజ్యసమితి సైనికుల కంచె లోపల తలదాచుకున్నారు. ఆ వానాకాలం క్యాంపు మునిగిపోయింది. మోకాళ్ల లోతు నీళ్లు, అందులోనే మురుగు. తల్లులు పిల్లల్ని ఎత్తుకుని నిలబడే కునుకు తీసేవారు. అప్పుడు తెగిన నా చెప్పులు ఇప్పటికీ పెట్టెలో ఉన్నాయి, మీ మామయ్య ఎన్నిసార్లు పారేయమన్నా పారేయలేదు.

అక్కడి వాళ్లది జొన్న తిండి. రేషన్‌లో జొన్నలు ఇచ్చేవాళ్లం. ఒకావిడ ప్రతి వారం బిడ్డని తెచ్చేది. చిన్న పిల్లల జబ్బ చుట్టూ పట్టీ పెట్టి కొలుస్తాం, 11.5 సెంటీమీటర్ల లోపుంటే ఎరుపు, అంటే ప్రాణం మీదికొచ్చినట్టే. ఆ బిడ్డ ఎరుపులోంచి బయటికొచ్చేది, నెల తిరిగేసరికి మళ్లీ అందులోనే. రేషన్ అందుతోంది కదా, ఇంట్లో పెట్టడం లేదా అని కాస్త గట్టిగానే అడిగాను. ఆవిడ నోరు మెదపలేదు. దుబాసీ పిల్ల చెప్పింది: జొన్నలు గింజలుగా ఇస్తున్నారు, పిండి పట్టించాలి, మరవాడికి డబ్బు లేక గింజలే కొలిచి ఇస్తోంది, కట్టెలకి ఇంకొన్ని పోతున్నాయి. కట్టెల కోసం కంచె దాటిన ఆడవాళ్లకి ఏమవుతుందో తెలిసి ఆవిడ వెళ్లడం మానేసింది. ఇక బిడ్డ దాకా వచ్చేది ఎంత? చోడి అంబలి తాగి పెరిగినదాన్ని, మర లేకుండా చోళ్లిస్తే ఏమవుతుందో నాకు తట్టాలి కదా. తట్టలేదు. ఆవిడని గద్దించినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

అందుకని నువ్వు వెళ్లగానే గోడౌన్‌లో బస్తాలు లెక్కపెట్టే ముందు మర ఎక్కడుంది, ఎంత తీసుకుంటాడు, పొయ్యి దేంతో వెలిగిస్తున్నారు అని ఆడవాళ్లని అడుగు. మగవాళ్లనీ అడుగు కానీ, జవాబు అక్కడ దొరకదు. 50 కిలోల బస్తా ముసలావిడ ఎలా మోస్తుందో కూడా చూడు. మోసిపెట్టినవాడికీ అందులోంచే పోతుంది.

తర్వాత లిస్ట్. నన్నడిగితే పంపిణీలో సగం పని అదే. 2018లో తిత్లీ తుఫానప్పుడు మన గజపతి జిల్లాలో నేనూ కొందరితో కలిసి పాలిథిన్ షీట్లు, అటుకులు పంచాను. జీపు ఆగిన చోట కుర్చీ వేసుకుని పేర్లు రాశాం. రోడ్డు పక్క ఊళ్లవాళ్లు రెండేసి షీట్లు పట్టుకెళ్లారు. పైన కొండచరియలు విరిగి దారి తెగిన సవర గూడేలవాళ్లు మూడో రోజు దిగొచ్చేసరికి ఖాళీ గోనెలున్నాయి. లిస్ట్ రాసేవాడు ఎక్కడ కూర్చుంటే సాయం అక్కడే ఆగిపోతుంది. నడవలేనివాళ్లు, ఒంటరి ముసలివాళ్లు, తల్లీతండ్రీ లేని పిల్లలు నీ టేబుల్ దగ్గరికి రారు. నువ్వే గుడారాల మధ్య తిరిగి రాసుకోవాలి.

క్యూలో గొడవ ఆకలి వల్ల అనుకుంటాం. నేను చూసినంతలో తెలియకపోవడం వల్లే ఎక్కువ. తలకి ఎన్ని డబ్బాలో బొమ్మ గీసి పెట్టు, చాలామందికి చదువు రాదు. సరుకు తక్కువొస్తే పొద్దున్నే చెప్పు. ఎండలో నిలబెట్టి మధ్యాహ్నం చెబితే మాత్రం నీ టెన్షన్ నువ్వే పడాలి. చంటిపిల్లల తల్లులకి వేరే వరస పెట్టు. ఫొటో తీస్తామని ఎవరైనా వస్తే ముందు వరసలో ఉన్నవాళ్లని అడగమను. చెయ్యి చాచినప్పటి మొహం లోకమంతా చూడాలని ఎవరికుంటుంది?

మనిషికి రోజుకి 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి అని సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాలు చెబుతాయి. ఆ లెక్క సరిపోయిందని రిపోర్టు రాసే ముందు ఒక్కసారి రాత్రిపూట వెళ్లి చూడు. లోపల గడియ లేకపోయినా, దారిలో దీపం లేకపోయినా ఆడవాళ్లు పోరు. చీకట్లో వెళ్లాల్సొస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు.

రెంక్ గురించి ఒకటి. సుడాన్‌లో 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలైనప్పటి నుంచి అటు నుంచి వచ్చేవాళ్లలో చాలామంది ఒకప్పుడు దక్షిణం నుంచే పారిపోయినవాళ్లు, వాళ్ల పిల్లలు. కాగితం మీద సొంత దేశానికి తిరిగొచ్చినట్టు. ఆ పిల్లల్లో ఈ నేల ఎప్పుడూ చూడనివాళ్లుంటారు. ‘మీ ఊరేది’ అని తొందరపడి అడగకు, ఏ తెగ అని అసలే అడగకు. అక్కణ్ణుంచి తెల్ల నైలు మీద పడవల్లో మలకాల్ అనే ఊరికి పంపుతారు. వెళ్లమనే ముందు అక్కడ ఏముందో నిజం చెప్పు, బాగుంటుందని మాత్రం అనకు.

ఎన్నాళ్లుంటారమ్మా వీళ్లు అని మీ నాన్న అడిగాడు. మన గజపతి జిల్లా చంద్రగిరిలో టిబెట్ నుంచి శరణు కోరి వచ్చినవాళ్లు 1963 నుంచి ఉన్నారు, మొక్కజొన్న పండిస్తున్నారు, మనవలు పుట్టారు. గుడారానికి గుంజ పాతేటప్పుడు అది గుర్తుపెట్టుకో.

ఎండుమిరపకాయలు, ఇంగువ, చింతపండు కట్టి ఉంచాను. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. మీ నాన్నకి అక్కడి నుంచి వారానికోసారి ఫోన్ చెయ్యి, సిగ్నల్ లేకపోతే లేదని ముందే చెప్పి పెట్టు.

మీ అత్త